నెగడు వేయుట, ఆర్పుట

నెగడు అను మాట మన పల్లెలవారికి క్రొత్తది కాదు. పొలమున కావలి కాయు రైతు, మందతో బయలున పరుండు గొఱ్ఱెల కాపరి, అడవిత్రోవలో బండ్లు విప్పిన బాటసారులు చలిని, మృగభయమును పోగొట్టుకొనుటకై రాత్రివేళ వేయు మంటకే నెగడని పేరు. స్కౌటు శిబిరములలో 'క్యాంపు ఫైరు' అని పిలుచునదియు నిదియే. 1907వ సంవత్సరము ఆగస్టు నెలలో బేడెన్ పవెల్ దొర ఇంగ్లండు దేశమందలి బ్రౌన్సీ ద్వీపమున సుమారు ఇరువదిమంది బాలురతో మొదటి శిబిరమును నడపినప్పుడు, రాత్రులయందు నెగడు చుట్టును బాలురను కూర్చుండబెట్టి తన యనుభవములను కథలుగా చెప్పెను. నాటినుండి నెగడు లేని స్కౌటు శిబిరము ఉప్పులేని కూడు వంటిదైనది.

మన పాఠశాల పిల్లలను శిబిరమునకు తీసికొనిపోవుటకు ముందు ఒక తండ్రిగారు మాతో, "అయ్యా, చదువు నేర్పుదురని పిల్లవానిని పంపితిమి గాని, నిప్పుతో ఆటలు నేర్పుటకు కాదు గదా?" అనిరి. ఆ ప్రశ్న న్యాయమైనదే. మా తరమువారు నిప్పును ఎవ్వరివద్దను పాఠముగా నేర్చుకొనలేదు. అమ్మ పొయ్యిముందు ఊదుగొట్టముతో ఊదుచుండగా ప్రక్కన కూర్చుండి పుల్ల లందించుచు నేర్చుకొంటిమి. ఏ కట్టె పొగచూరునో, ఏది చిటపటలాడి రవ్వలు చిమ్మునో, పొయ్యికడకు పోవునప్పుడు కొంగు ఎట్లు దోపుకొనవలెనో చూచి యెఱిగితిమి. నేడు ఇండ్లలో గ్యాసు పొయ్యిలు వచ్చినవి. తల్లుల కండ్లకు పొగ తప్పినది, అది మేలే. కాని పదవ తరగతి బాలుడు దహనక్రియకు నిర్వచనము తప్పులేక వ్రాయును. నాలుగు కట్టెలిచ్చి అంటింపుమన్నచో పెట్టెడు అగ్గిపుల్లలు గీచి, తుదకు కిరసనాయిలు సీసా ఎక్కడనున్నదని వెదకును. ప్రమాదమంతయు అచ్చటనే యున్నది. నిప్పు నెఱుగని పిల్లవాడు నిప్పుకు దూరముగా నుండడు. తెలియక దగ్గఱకు పోవును. కావున ఆ తండ్రిగారి ప్రశ్నకు మా సమాధానమును ఈ వ్యాసరూపమున వ్రాయుచున్నాము.

మొట్టమొదట తెలిసికొనవలసినది యేమనగా, మంటగా కనబడునది కట్టె కాదు, వేడికి కట్టెనుండి వెడలు ఆవిరులు. ఫారడే పండితుడు 1860-61 క్రిస్మసు దినములలో లండను నగరమున బాలబాలికలకు క్రొవ్వొత్తినిగూర్చి యుపన్యాసము లిచ్చుచు, వెలుగుచున్న వత్తి ప్రక్కనుండి సన్నని గాజుగొట్టము ద్వారా ఆవిరిని బయటికి రప్పించి, ఆ గొట్టపు కొనయందు దానిని వేఱుగా వెలిగించి చూపెను. కట్టె విషయమును అంతియే. కట్టె సుమారు 250 మొదలు 300 డిగ్రీల సెంటిగ్రేడు వఱకు వేడెక్కిన గాని మండదగిన ఆవిరులు చాలినంతగా వెడలవు. అవి వెడలి, తగిన గాలియు వేడియు దొరికినచో మంట యగును. దొరకనిచో పొగయై పోవును. అనగా పొగ యనునది కాలకుండ పాఱిపోవుచున్న వంటచెఱకు. కండ్లు మండుచున్నవని విసుగుకొనువారు, తాము ఏరి తెచ్చిన కట్టెయే ఆకాశమునకు పోవుచున్నదని తెలిసికొనవలెను.

ఇక గాలి. ఒక కిలో ఎండుకట్టె పూర్తిగా కాలుటకు ఇంచుమించు ఆరు కిలోల గాలి కావలెను. ఆ గాలి సుమారు అయిదు ఘనమీటర్లు. ఎటు కొలిచినను మనిషి యెత్తు గల పెద్ద పెట్టె నిండ పట్టునంత. క్రొత్తవారు చేయు నెగళ్లు ఆరిపోవుట సాధారణముగా కట్టె చాలక కాదు, గాలి యాడక. పిల్లలు మంట తగ్గగానే మఱి రెండు మొద్దులు మీద పడవేయుదురు. ఉన్న సందులు మూసికొనిపోయి, మంట పొగగా మాఱును. అప్పుడు చేయవలసినది వేయుట కాదు, ఎత్తుట. ఒక కఱ్ఱతో కట్టెలను కొంచెము పైకి లేపి క్రిందికి గాలి పోనిచ్చినచో తనంతట తానే మరల అంటుకొనును.

సన్నపుల్ల ఏల త్వరగా అంటుకొనును, మొద్దు ఏల అంటుకొనదు? లెక్క వేసి చూడుడు. ప్రక్కకు ఎనిమిది సెంటీమీటర్లు గల చదరపు దుంగ చుట్టుకొలత ముప్పదిరెండు. దానిని నాలుగుగా చీల్చినచో ఒక్కొక్కదాని చుట్టుకొలత పదునాఱు, నాలుగింటికి అఱువదినాలుగు. పదునాఱు ముక్కలుగా చీల్చినచో నూటయిరువదియెనిమిది. కట్టె అంతే, బరువు అంతే. కాని గాలికిని మంటకును తగులు ప్రక్కలు నాలుగురెట్లైనవి. ఈ చిన్న గణితము నెఱిగినవాడు గొడ్డలి విలువ నెఱుగును.

తడిని గూర్చియు నొక లెక్క కలదు. పచ్చికట్టెలో బరువున సగము వఱకు నీరుండవచ్చును. ఒక కిలో పచ్చికట్టెలోని అర్ధకిలో నీటిని వేడిచేసి ఆవిరిగా మార్చుటకు సుమారు 310 కిలోకేలరీల వేడి కావలెను. మిగిలిన అర్ధకిలో కట్టె రెండువేలకు పైగా కిలోకేలరీల వేడి నీయగలదు. ఈ లెక్కన నష్టము ఏడవవంతు మాత్రమే గదా, పచ్చికట్టె ఏల మండదని తెలివిగల విద్యార్థి యడుగవచ్చును. చిక్కు మొత్తములో లేదు, వరుసలో నున్నది. లోని నీరు పోవువఱకు కట్టె నూఱు డిగ్రీల దగ్గఱనే నిలిచిపోవును. మండుటకు కావలసిన వేడి దానికి మూడురెట్లు. బాగుగా రాజుకొన్న నెగడులో ఒక పచ్చికట్టె వేసిన అది యెండి మండును. చిన్న మంటలో వేసినచో మంటనే మ్రింగివేయును. కట్టె యెండినదో లేదో తెలిసికొనుటకు సులభమైన పరీక్ష విఱుచుట. ఫటుక్కున విఱిగిన ఎండినది. వంగి, నారతో వ్రేలాడిన పచ్చిది. రెండు ఎండుకట్టెలను ఒకదానితో నొకటి కొట్టినచో కణకణమని మ్రోగును.

మన ప్రాంతములలో వంటచెఱకునకు కొదువలేదు. సముద్రతీరపు గ్రామములలో సరుగుడు మిక్కిలి శ్రేష్ఠము. మెట్ట ప్రాంతములయందు తుమ్మయు, ఎక్కడ చూచినను పెరిగిపోయిన సర్కారు తుమ్మయు గట్టినిప్పు నిచ్చును. ముండ్ల విషయమున మాత్రము చెప్పులు లేనివారు జాగ్రత్తపడవలెను. చింతమొద్దు చీలుటకు కష్టమైనను దాని నిప్పుకణికలు చాలసేపు నిలుచును. రాజేయుటకు కందికంప, పత్తికట్టె, జొన్నచొప్ప, ఎండిన కొబ్బరిపీచు, తాటాకు పనికివచ్చును. తాటాకు భగ్గున మండి చప్పున చల్లారును. మండుచున్న ముక్కలు గాలిలో లేచి దూరమున పడును గనుక పూరిండ్ల దగ్గఱ దానిని వాడకూడదు. వెదురును చీల్చక వేయరాదు. కణుపుల నడుమ చిక్కిన గాలియు తడియు వేడెక్కి తుపాకి ప్రేలినట్లు ప్రేలి నిప్పులు చిమ్మును. గన్నేరు విషవృక్షము, దాని కొమ్మతో నిప్పు వేయుటయు, దాని పుల్లకు గ్రుచ్చి యేదైన కాల్చుకొని తినుటయు కూడదు. జెముడు, జిల్లేడు జాతుల పాలు కంటికి హాని. జీడిగింజల పెంకుల నూనె చర్మమును పొక్కించును. ఆ పొగయు మంచిది కాదు. పాతపలకలకు రంగులు, మందులు పూసియుండును; ప్లాస్టికు సంచుల మాట చెప్పనే అక్కఱలేదు. వీనిని కాల్చిన నిప్పు మీద అన్నము వండుట తగదు.

కట్టె లేరునప్పుడు చేయి పెట్టుటకు ముందు కఱ్ఱతో కదపుడు. అపొస్తలుల కార్యముల గ్రంథము ఇరువదియెనిమిదవ అధ్యాయములో, ఓడ పగిలి మెలితే ద్వీపము చేరిన పౌలు పుల్లల మోపు నిప్పులమీద వేయగా, వేడికి సర్పము వెలికి వచ్చి ఆయన చేతిని పట్టిన వృత్తాంతము మనమెల్లరము విన్నదే. ఆయనకు హాని కలుగలేదు. మన బాలురు మాత్రము మోపును దూరముగా విప్పి, విదిలించి, తేళ్లు జెఱ్ఱులు లేవని చూచిన పిమ్మటనే తేవలెను.

నెగడు వేయు చోటును ఎంచుకొనుటలో తొందర కూడదు. తలయెత్తి చూడుడు: కొమ్మలు, తాటిమట్టలు, కరెంటు తీగెలు ఉండరాదు. క్రిందికి చూడుడు: ఎండుటాకులు, గడ్డి, చెట్టువేళ్లు ఉండరాదు. వేరు పట్టుకొన్న నిప్పు నేలలోపల మెల్లగా కాలుచు, అందఱును వెడలిపోయిన తరువాత మఱియొకచోట పైకి రాగలదు. నెగడు నడుమనుండి అన్నివైపులను ఒకటిన్నర మీటరు మేర మట్టి కనబడునట్లు చెత్త యూడ్చివేయవలెను. గుడారములు కనీసము అయిదు మీటర్ల దూరమున, గాలి వచ్చు వైపున ఉండవలెను. గడ్డివాములున్న కళ్లముల దగ్గఱ నెగడు వేయు తలంపే పెట్టుకొనరాదు. గాలి బలముగా వీచు రాత్రి నెగడు మానుకొనుట పిఱికితనము కాదు. లాంతరు చుట్టును కూర్చుండియు పాటలు పాడవచ్చును.

చుట్టును పేర్చుటకు ఏటిలోని గుండ్రాళ్లు చూచుటకు అందముగా నుండును. అవి తేవలదు. నీటిలో నానిన రాతి సందులలోని తడి వేడికి ఆవిరియై దారి లేక రాతినే పగులగొట్టును. పొరలుపొరలుగా నుండు నాపరాయియు వేడికి చిట్లును. మెట్టమీది ఎండిన గట్టిరాళ్లు మేలు.

అడవిలో సంగతి వేఱు. 1967 నాటి ఆంధ్రప్రదేశ అటవీ చట్టము ప్రకారము అనుమతి లేక రిజర్వు అడవియందు నిప్పు వేయుట నేరము. ఫిబ్రవరి మొదలు మే వఱకు మన యడవులలో ఆకు రాలి నేలయంతయు ఎండియుండును. 2014 మార్చిలో తిరుమల శేషాచలపు టడవులలో కార్చిచ్చు చెలరేగినప్పుడు వాయుసేనవారి హెలికాప్టర్లను రప్పింపవలసి వచ్చెను. 2018 మార్చి 11న తమిళనాడు తేని జిల్లాలోని కురంగణి కొండలలో నడచి పోవుచున్న యాత్రికులు కార్చిచ్చులో చిక్కుకొనగా ఇరువదిమందికి పైగా మరణించిరి. ఎండుగడ్డి గల కొండవాలున మంట పైకి పోవునపుడు మనిషి పరుగును మించును. కావున వేసవిలో అడవియందు నెగడు వేయుదుమా యని మమ్ము అడిగిన విద్యార్థికి, వలదని ఒక్కమాటలో చెప్పుదుము.

అంటించుటకు ముందే కావలసిన వన్నియు ప్రక్కన నుండవలెను. పిడికెడు పీచు, అగ్గిపుల్లంత సన్నని చితుకులు రెండు గుప్పిళ్లు, వ్రేలంత లావు పుల్లలు చంకెడు, మణికట్టంత కట్టెలు పది పండ్రెండు. వీనితోబాటు రెండు బకెట్ల నీరు, ఒక పార. నీరు రాకముందు అగ్గిపెట్టె తెఱువరాదను నియమమును మేము శిబిరమున ఎన్నడును సడలనీయము. పీచును నేలపై నుంచి, దానిమీద చితుకులను గుడిసె వాసాలవలె నిలుపవలెను. గాలి వచ్చు వైపున చిన్న ద్వారము విడువవలెను. ఆ గాలికి వీపు పెట్టి, అగ్గిపుల్లను అరచేతుల మఱుగున గీచి, ద్వారమునుండి పీచు అడుగున అంటించుడు. మంట పైకి పోవు స్వభావము కలది. మీద నంటించినచో క్రిందికి దిగుటకు శ్రమపడును. చితుకులు పట్టుకొన్న తరువాత పుల్లలు, పుల్లలు పట్టుకొన్న తరువాత కట్టెలు. ఒంటికట్టె మండదు, వేడిని చుట్టుగాలికి పోగొట్టుకొని ఆరిపోవును. రెండు మూడు కట్టెలను వ్రేలెడు సందున ప్రక్కప్రక్కన నుంచినచో ఒకదాని వేడి నొకటి కాపాడుకొనుచు మండును.

వెలుగు కొఱకు గుడిసెవలె పేర్చినది మంచిది. రాత్రి చాలసేపు ఉండవలసినచో పొడవు కట్టెలను బండిచక్రపు ఆకులవలె పఱచి, నడుమ కొనలను మాత్రమే కాలనిచ్చి, కాలినకొలది లోపలికి త్రోయుచుండుడు. మన అవ్వలు మూడురాళ్ల పొయ్యిలో చేసినదియు నిదియే. నఱుకుట తక్కువ, కట్టె పొదుపు, ఆర్పవలెనన్నచో కట్టెలను వెనుకకు లాగిన చాలును.

కిరసనాయిలు, పెట్రోలు పోయుటను గూర్చి మా మాట కఠినముగా నుండును. పెట్రోలు ఆవిరి కంటికి కనబడక నేలపై ప్రాకి, అగ్గిపుల్ల గీచినవాని కాళ్ల చుట్టును చేరియుండును. ఆరిపోయినదనుకొన్న నిప్పుపై నూనె పోయుట అంతకంటె ప్రమాదకరము. మంట ధారను పట్టుకొని చేతిలోని సీసా వఱకు రాగలదు. ఎండుకట్టె, సన్నచితుకు, ఓపిక యున్నవానికి నూనెతో పనిలేదు.

వంటకు మంటకంటె నిప్పులు మేలు. పలువురకు వండవలసినప్పుడు పెండ్లిండ్లలోని గాడిపొయ్యిని మించినది లేదు. గాలి వచ్చు దిక్కునకు నోరుంచి జానెడు వెడల్పు, జానెడు లోతు, రెండు మూరల పొడవున గాడి త్రవ్వి గిన్నెలను వరుసగా పెట్టవచ్చును. త్రవ్విన పచ్చికపెళ్లలను పాడుచేయక నీడను ఉంచుడు. బయట మండు సాధారణపు పొయ్యిలో కట్టె వేడి పదిపాళ్లలో ఒక పాలు మాత్రమే గిన్నెకు చేరును, తక్కినది గాలిపాలు. ఆ లెక్కను ఒక కిలో ఎండుకట్టెకు సుమారు అయిదు లీటర్ల నీరు కాగును. గాలికి అడ్డముంచి, గిన్నెపై మూత పెట్టినవారికి కట్టె మిగులును.

నెగడు చుట్టును కూర్చుండు పిల్లలు నూలుబట్టలు కట్టుకొనుట మేలు. నైలాను, పాలియెస్టరు బట్టలు కరగి ఒంటికి అంటుకొనును. బాలికలు ఓణీలను, చున్నీలను నడుమునకు బిగించుకొనవలెను. నిప్పుమీదుగా దూకు పందెములు, కొఱవులతో ఆటలు తగవు. ఎవరి బట్టలకైన అంటుకొన్నచో పరుగెత్తరాదు. నిలిచి, నేలపై పడి, మొగమును చేతులతో కప్పుకొని పొర్లవలెను. పరుగు మంటకు విసనకఱ్ఱ.

చలి యెంత యున్నను నిప్పులను గుడారములోనికి గాని, తలుపులు మూసిన గదిలోనికి గాని తేరాదు. అరకు, లంబసింగి వంటి చలిప్రదేశములకు పోవు తలిదండ్రులును దీనిని గమనింప ప్రార్థన. కుంపటిలోని నిప్పులనుండి కార్బను మోనాక్సైడను విషవాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు, నిద్రించువారిని మేల్కొలుపదు.

కాలినచో చల్లని నీటిధారను ఇరువది నిమిషములు పోయుచునే యుండవలెను. మంచుగడ్డ, సిరా, పసుపు, పండ్లపొడి, నెయ్యి పూయరాదు. ఉంగరము, గాజులు వాపు రాకముందే తీసివేసి, శుభ్రమైన గుడ్డ కప్పి, గాయము అరచేతికంటె పెద్దదైనను, మొగముమీద నున్నను 108 నంబరునకు ఫోను చేయవలెను.

ఇక ఆర్పుట. నెగడు వేయుట చూడ నలుబదిమంది వత్తురు. ఆర్పువేళకు ఇద్దఱు మిగులుదురు. మే మెఱిగిన యొక శిబిరమున, ఏటి యిసుకలో వేసిన నెగడును రాత్రి పది గంటలకు ఇసుకతో చక్కగా కప్పి, చదును చేసి, ఆరినదని పరుండిరి. తెల్లవారుజామున మొగము కడుగుకొనుటకు పోవుచు ఏడవ తరగతి బాలు డొకడు వట్టికాళ్లతో దానిపై నడిచెను. రెండు పాదములును బొబ్బలెక్కి నెలదినములు బడికి రాలేకపోయెను. ఇసుక నిప్పు నార్పలేదు. దుప్పటివలె కప్పి, వేడిని తెల్లవారువఱకు దాచిపెట్టెను. పైగా నిప్పున్న చోటు కనబడకుండ చేసెను. నివురుగప్పిన నిప్పని మన పెద్దలు ఊరక అనలేదు.

కావున ఆర్పుటకు నీరే కావలెను. పరుండుటకు అరగంట ముందే క్రొత్తకట్టె వేయుట మానవలెను. మిగిలిన కొఱవులను విడదీసి, ఆవిరి మొగమునకు కొట్టకుండ దూరమున నిలిచి నీటిని చిలకరించుడు. ఒక్కసారిగా కుమ్మరించినచో వేడి బూడిద ఎగసి మీద పడును. చుయ్యిమను చప్పుడు తగ్గిన తరువాత పారతో అడుగువఱకు త్రిప్పి, మరల నీరు పోసి, మరల త్రిప్పుడు. మొద్దుల క్రిందిభాగము, చుట్టురాళ్ల అడుగు విడువకుడు. తరువాత చేతి వెనుకభాగమును ముందు దగ్గఱగా ఉంచి, వేడి తగులనిచో బూడిదకు ఆనించి చూడుడు. చేయి నిలుపలేనంత వేడియున్నచో ఇంకను ఆరలేదు. ఇంకొక బకెట్టు తెండు. ఆరిన చోటున నాలుగు కఱ్ఱలు నాటి త్రాడు కట్టుట మా శిబిరముల వాడుక.

ఉదయమున ఉపాధ్యాయు డొకడు మరల చేయి పెట్టి చూచిన పిమ్మట, బూడిదను తీసి చెట్లపాదులకు దూరముగా చల్లి, రాళ్లను మునుపటి చోట్ల పెట్టి, గాడిని మట్టితో పూడ్చి, దాచిన పచ్చికపెళ్లలను పైన పఱచి, మిగిలిన నీటిని వానిపై పోయవలెను.